నూటికి మూడు

హోసూరులో ఓ కాలేజీ. సైకాలజీ మొదటి సంవత్సరం. లెక్కలంటే భయపడి ఈ గ్రూపులో చేరినవాళ్లే ఎక్కువ. అందుకే స్టాటిస్టిక్స్ మాస్టారు ఏటా మొదటి పాఠం రూపాయి బిళ్లతో మొదలుపెడతారు.

"ఇంటి దగ్గర వందసార్లు ఎగరేసి, బొమ్మో బొరుసో వరుసగా రాసుకురండి. బద్ధకించి సొంతంగా అల్లారో, పట్టేస్తాను. ఇంటర్నల్స్‌లో సున్నా."

మర్నాడు కాగితాలు చకచకా తిరగేసి రెండు కట్టలు కట్టారు. రెండో కట్టలోవాళ్లు చాలామంది తలలు దించుకున్నారు. క్లాసంతా నోరు వెళ్లబెట్టింది.

కిటుకు ఆయనే చెప్పారు. నిజంగా వందసార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట బొమ్మగానీ బొరుసుగానీ వరుసగా ఐదుసార్లు పడే అవకాశం నూటికి 97. అల్లి రాసేవాళ్లకు మూడు బొమ్మలు రాగానే చెయ్యి బొరుసు వైపు లాగుతుంది. నాలుగు విసుర్లలోనే తూకం సరిపోవాలని మనసు పట్టుబడుతుంది. మనస్తత్వ పరిశోధకులు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1971లో రాసిన వ్యాసం ఈ బుద్ధి గురించే. వాళ్లు ప్రశ్నలడిగింది దారినపోయేవాళ్లను కాదు, గణాంకాలు నేర్చిన సైకాలజిస్టులను. అలా నేర్చినవాళ్లూ కొద్దిపాటి నమూనాను అతిగా నమ్మారు. మనసును చదవబోయే పిల్లలకు ఇంతకన్నా మంచి మొదటి పాఠం నాకు తెలియదు.

కృష్ణగిరి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి లేచింది. ఆమె కాగితం రెండో కట్టలో ఉంది. నాన్న పనిచేసే మామిడి మండీలో, తోతాపురి గంపల పక్కన కూర్చుని రాసింది. కాగితం మూలన సొన మరక.

"నేను నిజంగానే ఎగరేశాను సార్."

"అందరూ అదే అంటారమ్మా."

క్లాసు నవ్వింది. ఆమె కూర్చోలేదు.

"నూటికి 97 అన్నారు. మిగిలిన ముగ్గురి సంగతేంటి సార్?"

మాస్టారు ఆమె వంక చూశారు.

"ఈ పని ఎన్నేళ్లుగా చేయిస్తున్నారు సార్?"

"పదేళ్లుగా. ఏటా అరవై మందితో."

ఆమె బోర్డు దగ్గరికి వెళ్లింది. "సగంమందే నిజంగా ఎగరేశారనుకున్నా 300 మంది. నూటికి ముగ్గురి చొప్పున తొమ్మిది మంది." సుద్దముక్క బల్లమీద పెట్టింది. "వాళ్లకీ సున్నాలే వేశారా సార్?"

వేశారు. ఆ మార్కులు ఎప్పుడో యూనివర్సిటీకి వెళ్లిపోయాయి.