చివరి మడికి గ్రాంటు నీళ్లు

మా కేతేపల్లికి హైదరాబాద్ నుంచి రెండే వస్తాయి. ఒకటి 65వ నంబరు జాతీయ రహదారి, రెండోది మూసీ. రహదారి మీద వచ్చినవాళ్లు కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర పైసలు కట్టి, అద్దం కూడా దించకుండా విజయవాడ దిక్కు పోతారు. మూసీకి టోల్ లేదు. తీరిగ్గా వచ్చి సోలిపేట దగ్గర ప్రాజెక్టులో 645 అడుగుల దాకా నిండి, 4.46 టీఎంసీల నిండు గర్భంతో మా దగ్గరే కూర్చుంటుంది. జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి పరిశోధనా సంస్థలన్నీ తార్నాక, హబ్సిగూడల్లో, అంటే మాకు ఎగువన. పరిశోధన పైన జరుగుతుంది, నీళ్లు కిందికి వస్తాయి. ఈ ఏర్పాటుకు ఇప్పటిదాకా ఏ ఎథిక్స్ కమిటీ అభ్యంతరం చెప్పలేదు.

మొన్న శనివారం మా తమ్ముడు ఊరికి వచ్చాడు. హైదరాబాద్‌లో ఆరోగ్య పరిశోధన చేస్తాడు. ఏ సంస్థలో అని అడక్కండి, వాడి ఫెలోషిప్ ఇంకా పెండింగులో ఉంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌ను నెలకు 31 వేల నుంచి 37 వేలకు పెంచారని మా అమ్మ వాకిట్లో అందరికీ చెప్పింది. పెంచిన మాట నిజమే. నెలనెలా అని రాసి ఉన్న ఆ డబ్బు వానాకాలం పంటకోసారి, యాసంగి పంటకోసారి వస్తుందన్న మాట మాత్రం ఆమె ఇంట్లోనే దాచుకుంది, సంబంధాలు చూస్తున్నాం కదా.

వాడి వెంట ఒక థర్మకోల్ డబ్బా, నిండా ప్లాస్టిక్ సీసాలు. మూసీ కాల్వ నీళ్లు, బోరు నీళ్లు పట్టుకుపోవాలట. మా పెద్దనాయిన అరుగు మీద కూర్చొని అంతా చూస్తున్నాడు. ఆయనకు కాల్వ చివరన రెండెకరాలుంది. నలభై ఏళ్లుగా ఆ చివరి మడికి నీళ్లు ఎక్కించిన మనిషి గనుక, ప్రభుత్వ పథకం ఏదైనా ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

"ఈ నీళ్లు దేనికిరా?"

"గ్రాంటుకు పెట్టాలె పెద్దనాయినా. గ్రాంటు కావాలంటే ముందు కొంత పనిచేసి, ఫలితం చూపియ్యాలె."

"ఆ పనికి పైసలు?"

"గ్రాంటు వస్తే ఉంటయి."

పెద్దనాయిన చుట్ట ఆర్పాడు. "సమజైంది. బ్యాంకోడు గూడ గంతే. అప్పు అక్కర లేదని రుజువు చేస్తేనే అప్పిస్తడు."

అప్పుడు తమ్ముడు ఓపిగ్గా దేశంలోని దయగల శాఖలన్నిటినీ ఏకరువు పెట్టాడు. ఐసీఎంఆర్ ఉంది. 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్‌గా పుట్టి, 1949లో పేరు మార్చుకుంది. దాని మీద 2007లో ఆరోగ్య పరిశోధనా విభాగం అని ఒక శాఖ వెలిసింది. బయోటెక్నాలజీ శాఖ 1986 నుంచీ ఉంది. ఆ శాఖా, లండన్ వెల్‌కమ్ ట్రస్టూ కలిసి నడిపే ఇండియా అలయన్స్ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. ఎంబీబీఎస్ పిల్లలకు సైతం రెండు నెలల పరిశోధనకు ఐసీఎంఆర్ 1979 నుంచి స్టైపెండ్ ఇస్తోంది. నల్లగొండలో, సూర్యాపేటలో 2019 నుంచి సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అవకాశాలకు కొదవ లేదు. కాల్వకు తూములు కూడా ఇన్నే ఉంటాయి.

ఇక కొత్తది, అన్నిటికంటే పెద్దది, అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2023లో చట్టం చేశారు. అయిదేళ్లకు 50 వేల కోట్లు. పెద్దనాయిన అరుగు మీద కొంచెం ముందుకు జరిగాడు. అందులో 36 వేల కోట్లు సర్కారువి కావు, కంపెనీలూ దాతలూ ఇస్తారని అంచనా అని తమ్ముడు అనగానే మళ్లీ వెనక్కి జరిగాడు.

"గిదెట్లుందంటే, బిడ్డ పెండ్లి యాభై వేలల్ల చేస్తనని ఊరంత చాటి, ముప్పై ఆరు వేలు చదివింపులొస్తయని కాయితం మీద రాసుకున్నట్టుంది. పెండ్లికొడుకు ఎవలు మరి?"

పెండ్లికొడుకు మా తమ్ముడే. పోయిన ఏడాది నుంచి బాసింగం కట్టుకొని కూర్చున్నాడు.

2025 జూలైలో కేంద్ర కేబినెట్ ఇంకో పథకానికి ఊ కొట్టింది. అక్షరాలా లక్ష కోట్లు. అయితే అది ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, అసలు వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలపు అప్పు. ఈ ముక్క చెప్పకుండా ఉండాల్సింది. పంటరుణం రెన్యువల్‌కు ఎండలో లైను కట్టి వచ్చిన మనిషి ముందు వడ్డీ లేని అప్పు ఊసెత్తడం, పొద్దంతా ఉపవాసమున్నవాడి ముందు బిర్యానీ పొట్లం విప్పడమే.

ఇంత ఆర్భాటం తర్వాత లెక్కేమిటయ్యా అంటే, 2020-21లో దేశపు జీడీపీలో ప్రతి వంద రూపాయలకు అన్ని రకాల పరిశోధనల మీదా కలిపి పెట్టింది 64 పైసలు. రాకెట్లూ అందులోనే, రక్తపరీక్షలూ అందులోనే. మా కిరాణా కొట్టులో ఆ పాటి చిల్లరకు చాక్లెట్ చేతిలో పెడతారు.

దరఖాస్తు ఎట్లా చూస్తారని పెద్దనాయిన అడిగాడు. నేనే అందుకున్నాను, తమ్ముడు అప్పటికే నీరసించాడు. ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో వడ్లు పోసినట్టే పెద్దనాయినా. కుప్ప పోసి వారాలు కాపలా కాయాలి. తేమ 17 శాతం దాటొద్దు, అంటే ఆలోచన మరీ పచ్చిగా ఉండొద్దు. బాగా ఎండితే, ఇందులో కొత్తదనం లేదంటారు. తాలు తూర్పార పట్టమంటారు. అన్నీ అయి కాంటా పెట్టాక సంస్థ తరఫున ఓవర్‌హెడ్ అని కొంత కోస్తారు.

"తరుగు," అన్నాడు పెద్దనాయిన.

"తరుగే."

అసలు కథ మంజూరు తర్వాత ఉంటుంది. పూర్వం డబ్బు సంస్థ ఖాతాలో పడేది, మార్చి దాటినా అక్కడే ఉండేది. ఇప్పుడు చాలా పథకాల్లో జీరో బ్యాలెన్స్ ఖాతా. డబ్బు ఢిల్లీలో ఉంటుంది, పరిశోధకుడికి ఖర్చు పెట్టుకునే హద్దు మాత్రం చూపిస్తారు. మార్చి 31 రాత్రికి ఆ హద్దు మాయమవుతుంది. ఖర్చు కాని సొమ్ము వెనక్కి పోతుంది. కొత్త సంవత్సరం సొమ్ము కావాలంటే పాత సొమ్ముకు జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో వినియోగ పత్రం పంపాలి. ప్రయోగశాల ఎలుకలకు మాత్రం మార్చి, ఏప్రిల్ అన్న తేడా తెలియదు, రోజూ తింటాయి.

పెద్దనాయిన చాలాసేపు ఆలోచించాడు. "మా కాల్వకు ఆన్ ఆఫ్ అని వదులుతరు. తూము బంద్ చేస్తరు, నిజమే. కానీ మడిల నిలిచిన నీళ్లను మల్ల బకీట్లతోటి ఎవడూ తోడుకపోడురా."

పరికరాలు కొనడం సంగతి విప్పితే పొద్దుగూకుతుంది. సర్కారు కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కుర్చీలు కొన్న పద్ధతిలోనే సూక్ష్మదర్శినులు కొనమన్నారు కొన్నేళ్లు. శాస్త్రవేత్తలు మొత్తుకోగా మొత్తుకోగా 2025 జూన్‌లో ఆర్థిక శాఖ కొన్ని సడలింపులిచ్చింది. కొటేషన్ లేకుండా కొనే హద్దు లక్ష నుంచి రెండు లక్షలైంది. సంతోషం. కొనడానికి గ్రాంటు రావాలి, అంతే.

మా నల్లగొండ జిల్లాను పరిశోధన మరిచిపోయిందని మాత్రం ఎవరూ అనకూడదు. 1955లోనే, ఫ్లోరైడ్ నీళ్లతో మాకొచ్చే ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ గారి వ్యాసం అచ్చయింది. 1973లో లాన్సెట్‌లో పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మా పిల్లల వంకర మోకాళ్ల గురించి రాశారు. మా బొక్కలు లండన్ చూశాయి, మేమే చూడలేదు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధనా సంస్థ నీరీ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ఉపాయం కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని మా పేరే పెట్టారు. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ముసలివాళ్లు మాత్రం ఇంటి గడప దాటి పోలేకపోయారు.

అందుకే పరిశోధనా కేంద్రం కూడా ఇక్కడే పెడతామన్నారు. చౌటుప్పల్‌లో ప్రాంతీయ ఫ్లోరైడ్ పరిశోధనా కేంద్రం. కేంద్ర ఆరోగ్య మంత్రిగా జె.పి. నడ్డా హామీ ఇచ్చారు, దండుమల్కాపురంలో స్థలం చూపించారు. ఏళ్లు గడిచాయి. 2022 అక్టోబరులో, మునుగోడు ఉప ఎన్నిక వేడిలో, ఆ స్థలంలో ఒక నిర్మాణం వెలిసింది. ఎవరో రాత్రికి రాత్రి నడ్డా గారి ఫొటో పెట్టి సమాధి కట్టారు. బతికున్న మనిషికి సమాధి కట్టడం మర్యాద కాదు, నేను సమర్థించను. కానీ టెండరు లేకుండా, కొటేషన్ లేకుండా, వినియోగ పత్రం లేకుండా పూర్తయిన పని ఆ ప్రాజెక్టులో అదొక్కటే. 2024 జూన్‌లో ఆయన మళ్లీ అదే శాఖకు మంత్రిగా వచ్చారు.

మూసీ సంగతికొస్తే, మన నీళ్ల మీద మనకంటే స్వీడన్‌కు బెంగ ఎక్కువ. 2007లో అక్కడి శాస్త్రవేత్తలు పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ల పరీక్ష ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ తర్వాత ఆ వ్యర్థాన్ని 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి కలిపారు. అంబర్‌పేట తర్వాత మూసీ ఎటు పోతుందో పై పేరాల్లో రాశాను. మా తమ్ముడి దరఖాస్తు కూడా దాని మీదే, మూసీ కింద ఊళ్లలో మందులకు లొంగని సూక్ష్మజీవులు ఎంతున్నాయో చూడాలని. కిందటిసారి ఒక సమీక్షకుడు, ఈ సమస్య జాతీయ ప్రాధాన్యం గలదా అని ప్రశ్న రాశాడట.

పొద్దు వాలింది. తమ్ముడు సీసాలు నింపి, మూతలు బిగించి, చీటీలు అంటించాడు. పెద్దనాయిన బోరు సీసా ఒకటి చేతిలోకి తీసుకొని వెలుతురుకు పెట్టి చూశాడు. లోపలి నీళ్లను కాదు, సీసాను.

"మా నాయినప్పటి సంది తీస్కపోతనే ఉన్నరు. నీళ్లు, ఉచ్చ, నెత్తురు. రిపోర్టయితే రాలే. సీసా గట్టిగున్నదిరా, పనైనంక పంపు. నూనెకు పనికొస్తది."

"రాదు పెద్దనాయినా, కన్జ్యూమబుల్స్ కింద రాసిన. వాడినంక పారేసినట్టు లెక్క చూపాలె."

"వాడినంక గదా," అని పెద్దనాయిన సీసాను అరుగు కింద దాచాడు. "గ్రాంటు రాంగనే అడుగు, ఇస్త."