ఆయా ఉంది కదా!

మన సర్కార్లకు పసిపిల్లలంటే ఎంత ప్రేమో తెలియాలంటే పిల్లల మీద లైంగిక నేరాల్ని అరికట్టే పోక్సో చట్టానికి రాసిన 2020 నాటి నిబంధనలు చదవాలి. ఆ ఏడాది మార్చి 9న అమల్లోకి వచ్చాయి. రెండు వారాలు తిరిగేసరికి లాక్‌డౌన్ వచ్చి దేశానికే తాళం పడింది. అందుకే కాబోలు వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మూడో నిబంధన మాత్రం కళ్ళకద్దుకోవాల్సినంత బాగుంటుంది. బడి గానీ, క్రెష్ గానీ, పిల్లలతో రోజూ మసిలే సంస్థ ఏదైనా సరే, ప్రతి ఉద్యోగి మీదా పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. ఒక్కసారి చేయించి ఊరుకుంటే కుదరదు, ఎప్పటికప్పుడు చేయిస్తూనే ఉండాలి. పర్మినెంటు వాళ్ళయినా కాంట్రాక్టు వాళ్ళయినా, పిల్లల దగ్గర పనిచేసే అందరికీ కేంద్రమూ ప్రతి రాష్ట్రమూ భద్రతా శిక్షణ ఇవ్వాలి. మొదటిసారి ఇచ్చాక రిఫ్రెషర్ కోర్సులు కూడా పెట్టాలి.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది మాత్రం ఆ నిబంధనలో లేదు. కేంద్రమూ రాష్ట్రమూ అన్నారు కాబట్టి ఇద్దరూ పెట్టుకుంటారని మనం అనుకోవాలి. రాష్ట్రం పెడుతుందని కేంద్రం, కేంద్రం పంపుతుందని రాష్ట్రం అనుకుంటున్నాయి. ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందన్న సామెత మనకు ఎటూ ఉంది.

డబ్బు అసలే లేదంటే కళ్ళు పోతాయి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో బాలల రక్షణ కోసమని మిషన్ వాత్సల్యకు 1,500 కోట్లు పెట్టారు. వినడానికి ఘనంగానే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు 47 కోట్ల పైచిలుకు. భాగిస్తే తలా ముప్పై రెండు రూపాయలు, అదీ సంవత్సరానికి. అనాథాశ్రమాలూ, శిశు సంక్షేమ కమిటీలూ, పిల్లల కోసం పెట్టిన 1098 హెల్ప్‌లైనూ అన్నీ ఆ ముప్పై రెండులోనే సర్దుకోవాలి. ఇంకా చిల్లర మిగిలితే శిక్షణ.

చిల్లర మిగిలితే ఎక్కడికి పోతుందో తెలియనిది కాదు. ‘బేటీ బచావో, బేటీ పఢావో’ పథకానికి 2016-19 మధ్య విడుదలైన 446.72 కోట్లలో 78.91 శాతం ప్రచారానికే ఖర్చయిందని పార్లమెంటు మహిళా సాధికారత కమిటీయే 2021లో లెక్క తేల్చింది. బేటీ సంగతేమో గానీ ఫ్లెక్సీ ప్రింటరు కడుపు నిండింది. కాబట్టి పిల్లల భద్రతా శిక్షణకు నిధులొచ్చాయని పేపర్లో చదివినప్పుడల్లా నేను ముందు సంతోషించేది బ్యానర్లు కట్టే కుర్రాళ్ళ కోసం.

ఇంతకీ ఆ శిక్షణ ఎలా జరుగుతుంది? మా దూరపు చుట్టం ఒకమ్మాయి అంగన్‌వాడీ టీచరు. నన్ను బాబాయ్ అంటుంది. ఈ మధ్య మండల కేంద్రానికి శిక్షణకు వెళ్ళొచ్చి ఆ వైభవమంతా కథలాగా చెప్పింది. ఉప్పూ కారం నేను కలిపాను గానీ కూర ఆమెదే.

పది గంటలకు మొదలన్నారు. పదకొండున్నరకు బ్యానరు వచ్చింది. బ్యానరు లేకుండా ఫొటో లేదు, ఫొటో లేకుండా బిల్లు లేదు. కాబట్టి అంతవరకూ అందరూ దాని కోసమే కాచుక్కూర్చున్నారు. తర్వాత రిజిస్టరు, పెన్ను, ప్యాడు, ప్లాస్టిక్ ఫోల్డరు. శిక్షణ ఇచ్చే సారు పై ఊళ్ళో శిక్షణ పొంది వచ్చారు. ఆయనకు చెప్పినవాళ్ళు రాష్ట్ర రాజధానిలో నేర్చుకున్నారు. వాళ్ళకు చెప్పినవాళ్ళు ఢిల్లీలో నేర్చుకున్నారు. ఢిల్లీలో బయల్దేరిన జ్ఞానం మండలానికి చేరేసరికి నలభై స్లైడ్లయింది. సారు వాటిని చూసి చదువుతున్నారు. చదవడం వీళ్ళకూ వచ్చు, అది వేరే సంగతి.

ఇరవయ్యో స్లైడు దగ్గర సారుకు చెమట పట్టింది. చిన్నపిల్లల బొమ్మ, దాని మీద ఎర్రగీతలు. ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో పిల్లలకు ఏ మాటల్లో చెప్పాలి, పాప వచ్చి ఏదైనా చెబితే ముందు ఏమనాలి, ఏమనకూడదు అన్నవి అందులో ఉన్నాయి. ఎదురుగా ఎనభై మంది ఆడవాళ్ళు. సారు గొంతు సవరించుకున్నారు. మంచినీళ్ళు తాగారు. “ఇది మీ అందరికీ తెలిసిందే, తల్లులు కదా, తర్వాతి స్లైడుకి పోదాం” అన్నారు. తర్వాతి స్లైడులో చేతులు కడుక్కునే పద్ధతి ఉంది. దాన్ని అరగంట చెప్పారు, ఏడు రకాలుగా వేళ్ళు తిప్పి చూపించారు.

ఆ దాటేసిన స్లైడు కోసమే ఇంత తతంగం. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖే 13 రాష్ట్రాల్లో అధ్యయనం చేయించింది. అందులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రకం లైంగిక వేధింపుకు గురయ్యామని 53 శాతం పైగా పిల్లలు చెప్పారు. చేసినవాళ్ళలో సగంమంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. ఇది శాఖ సొంత పుస్తకంలోని లెక్కే. సారు దగ్గర ఆ పుస్తకం ఉందో లేదో గానీ సిగ్గు మాత్రం నిండుగా ఉంది.

వెనక వరసలో ఒక పెద్దావిడ లేచింది. చాలా ఏళ్ళ సర్వీసు. “సార్, ఒక సందేహం. మా సెంటర్లో ఒక పాప ఫలానా ఆయన ఇలా చేశాడని చెప్పిందనుకోండి. 1098కి చేయమన్నారు, చేస్తాను. ఆ ఫలానా ఆయనే మా సెంటరు నడిచే ఇంటి ఓనరైతే? అసలే అద్దె బాకీ పడింది సార్.”

హాలంతా గొల్లుమంది. నవ్వొచ్చి కాదు, అందరికీ తమ ఓనర్లు గుర్తొచ్చి. సారు “చాలా మంచి ప్రశ్న” అన్నారు. పక్కనున్న మేడమ్ గారు రిజిస్టర్లో రాసుకున్నారు. ఇంకొకామె లేచి, “వంటా పిల్లలూ ఒకటే గది సార్, పప్పు గిన్నె దించేటప్పుడు వాళ్ళను ఎటు పంపను?” అని అడిగింది. ప్రశ్నలు ఆఖర్లో అన్నారు. ఆఖర్లో భోజనాలొచ్చాయి.

అన్నట్టు, ఎనభై మంది టీచర్లు పిల్లల భద్రత నేర్చుకుంటున్న ఆ రోజు ఎనభై సెంటర్లలో పిల్లలు ఎవరి దగ్గరున్నారు? “ఆయా ఉంది కదా బాబాయ్” అంది మా అమ్మాయి. ఉంది. పొయ్యి మీద అన్నం పెట్టి, చీపురు పట్టుకుని, చంకలో ఒకణ్ణి ఎత్తుకుని, గుమ్మం దాటబోతున్న ఇంకొకణ్ణి కేకేస్తూ ఉంది. పిల్లల భద్రత కోసం ఖర్చుపెట్టిన ఆ రోజే పిల్లలకు అన్నిటికంటే భద్రత తక్కువ. శిక్షణ బడ్జెట్‌లో సమోసాకు పద్దు ఉంటుంది. ఆ రోజుకు సెంటర్లో ఇంకో మనిషిని పెట్టడానికి పద్దు ఉండదు. సమోసా ఫొటోలో పడుతుంది, ఆ ఇంకో మనిషి పడదు.

టీచరమ్మ హోదా కూడా వినండి, సినిమాల్లో ద్విపాత్రాభినయం దీని ముందు దిగదుడుపు. జీతం అడిగితే ఆమె ఉద్యోగి కాదు, గౌరవ వేతనం మీద పనిచేసే స్వచ్ఛంద సేవకురాలు. 2018 అక్టోబరులో కేంద్రం ఆ గౌరవాన్ని నెలకు 4,500గా లెక్కకట్టింది, ఆయాకు 2,250. ఆ పైన రాష్ట్రాలు తమ శక్తి కొద్దీ కలిపితే టీచరుకు ఆంధ్రాలో 11,500, తెలంగాణలో 13,650 అయ్యింది. అంతలో గ్రాట్యుటీ మాటొచ్చింది. సేవకురాలికి గ్రాట్యుటీ ఏమిటన్నారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇవ్వాల్సిందేనంది. 2023 డిసెంబరు 12న ఆంధ్రాలో సమ్మెకు దిగితే నలభై రెండు రోజులు నడిచింది. మధ్యలో 2024 జనవరిలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. సేవకురాలు రాత్రికి రాత్రి అత్యవసర సర్వీసు అయిపోయింది. ఆ రోజుల్లో కొన్ని చోట్ల సెంటర్ల తాళాలు పగలగొట్టి గ్రామ సచివాలయాల సిబ్బంది చేత నడిపించారు. సర్వే రాళ్ళ లెక్క తెలిసినవాళ్ళకు పిల్లల ముక్కులు తుడవడం రాదా అనుకుని ఉంటారు. వాళ్ళకు భద్రతా శిక్షణ ఇచ్చారా అని అడిగినవాళ్ళు లేరు. తాళం పగలగొట్టడానికి శిక్షణ అక్కర్లేదు కూడా.

ఇక పోక్సో చట్టం దగ్గరికి వస్తే ఆమెకు ఒక్కసారిగా ప్రమోషన్. తెలిసీ ఫిర్యాదు చేయకపోతే ఎవరికైనా ఆరు నెలల దాకా జైలు. సంస్థ ఇన్‌చార్జి అయ్యుండి కింది సిబ్బంది చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా, జరిమానాతో సహా. కాబట్టి మా అమ్మాయి సంస్థాధిపతి. ఆమె కింద పనిచేసే సిబ్బంది ఒక ఆయా. సంస్థ ఆస్తులు ఒక తూకం మిషను, గుడ్ల ట్రేలు, బాలామృతం ప్యాకెట్లు, డజను పైగా రిజిస్టర్లు. జీతం దగ్గర సేవకురాలు, సమ్మె దగ్గర అత్యవసరం, జైలు దగ్గర అధిపతి. శిక్షణ అయ్యాక ఇచ్చే సర్టిఫికెట్ ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. రేపు ఏదైనా జరిగితే “మేం నేర్పాం, ఇదిగో సంతకం” అని పైవాళ్ళు చూపించుకోవడానికి. ఆ కాగితం పిల్లకు రక్షణ కాదు, ప్రాజెక్టు డైరెక్టరు ఆఫీసుకు రక్షణ.

ప్రైవేటు ప్లే స్కూళ్ళ సంగతి ఎత్తితే ఈ కాలమ్ చాలదు. గోడ మీద మిక్కీ మౌస్ ఉంటే లోపల అంతా భద్రమేనని తల్లిదండ్రుల నమ్మకం. ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక కేర్‌టేకర్ ఉండాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు రాసింది. మార్గం చూపించడం దాని వంతు, నడవడం మన ఇష్టం. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఓ పేరున్న బడిలో ఎల్‌కేజీ పాప మీద లైంగిక దాడి బయటపడ్డాక కమిటీ వేశారు. నేరం చేసినవాడు బయటివాడు కాదు, ఆ బడి ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. తర్వాతి ఏడాది కోర్టు ఇరవై ఏళ్ళు వేసింది. అక్కడ నాకు జోకు తోచలేదు.

వెరిఫికేషన్ విషయంలో మాత్రం మన దేశం వెనకబడిందంటే ఒప్పుకోను. 2025 జులై 1 నుంచి అంగన్‌వాడీలో రేషన్ కావాలంటే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం కలవాలి. బాలింత వచ్చి ఫోన్ ముందు నిలబడి, కళ్ళార్పి, పక్కకు తిరిగి, సిగ్నల్ లేకపోతే వేపచెట్టు కిందికెళ్ళి మళ్ళీ నిలబడి, తాను తానేనని రుజువు చేసుకోవాలి. ఆకలితో వచ్చిన తల్లి ముఖాన్ని ఇంత పట్టుదలగా తనిఖీ చేసే ప్రభుత్వం, ఆమె బిడ్డను రోజూ వ్యాన్లో ఎక్కించుకెళ్ళే డ్రైవరు ముఖాన్ని కూడా ఎప్పుడో ఒకప్పుడు చూడకపోతుందా!

శిక్షణ అయ్యాక టీఏ అడిగారట. “బస్సు ఫ్రీ కదమ్మా, ఇంకా టీఏ ఏమిటి?” అన్నారట పద్దులు చూసే ఆయన. ఆటోలో వచ్చామంటే రశీదు తెమ్మన్నారట. ఫీడ్‌బ్యాక్ ఫారంలో రెండే గడులున్నాయట: బాగుంది, చాలా బాగుంది. మా అమ్మాయి “చాలా బాగుంది”కి టిక్కు పెట్టింది, ఆలస్యమైతే ఆఖరి బస్సు పోతుందని.

“ఇంతకీ ఏం నేర్చుకున్నావే?” అని అడిగాను.

“1098 నంబరు కంఠతా వచ్చింది బాబాయ్. ఆ ఇంటి ఓనరు ప్రశ్నకు జవాబు వచ్చే శిక్షణలో చెబుతారట. మా ఓనరు మాత్రం నిన్నే వచ్చాడు, అద్దె కోసం.”