బుడ్డిలో భోజనం: టీకా, తాత్పర్యం, విశేషాలు

మూలం

పొడిని గరిటఁ గొలిచి బుడ్డిలో నీళ్ళోసి
కదిపి కదిపి నురుగు కట్టనిచ్చి
యన్న మడుగకుండ నాఫీసు కుర్చిలో
తాగు వాని నడుము తగ్గు నంట

అవతారిక

ఆడిట్ ఆఫీసుల్లో పనిచేసేవారి మధ్య పుట్టిన పద్యమిది. వారి ఋతువులు మన ఋతువులు కావు. జూలై 31 రిటర్నుల ఋతువు, సెప్టెంబరు 30 ట్యాక్స్ ఆడిట్ ఋతువు, మార్చి 31 ఇయర్ ఎండింగు అనే మహా ఋతువు. వీటి మధ్య ప్రతి నెలా 20న జీఎస్టీ గడువు. నెలనెలా సంక్రమణం ఉండేది ఒక్క సూర్యుడికనుకుంటాం గాని, వీరికీ ఉంది. ఇట్టి కాలంలో పదకొండింటికి ఎవరో తెప్పించిన సమోసాలు, మూడింటికి చల్లారిన బిర్యానీ పార్సెలు, రాత్రి పదిన్నరకు ఇంట్లో మూతపెట్టి ఉంచిన అన్నం. బెల్టుకు కొత్త రంధ్రం పడుతుంది. అప్పుడు ఒక సహోద్యోగి సొరుగులోంచి డబ్బా తీసి, ఇది చాలు, భోజనం అక్కర్లేదంటాడు. ఆ మాట విన్న కవి పై విధంగా పలుకుతున్నాడు. కవి తన పేరు చెప్పుకోలేదు. తాగాక నడుము కొలుచుకున్నాడేమో.

ఛందస్సు

ఆటవెలది. పొ-బు, క-క, య-ఆ, తా-త యతులు కుదిరాయి. గణాలు వేళ్ళ మీద లెక్కపెడితే సరిపోయాయి. కేలరీలు అంత తేలిగ్గా సరిపోవు, ఆ సంగతి విశేషాల్లో వస్తుంది.

ప్రతిపదార్థం

పొడిని = పాలనుండి గాని సోయానుండి గాని తీసిన ప్రోటీనుకు పీచు, విటమిన్లు, ఖనిజాలు, తీపి, వెనిల్లా వాసన చేర్చిన చూర్ణమును; గరిటన్ = డబ్బాతో వచ్చు ప్లాస్టిక్ స్కూపుతో; కొలిచి = కొలత వేసి; బుడ్డిలో = లోపల తీగ ఉండ దొర్లుచుండు షేకరులో; నీళ్ళోసి = నీళ్ళు పోసి; కదిపి కదిపి = పక్క సీటువారు తల యెత్తి చూచునంతగా కుదిపి; నురుగు కట్టన్ + ఇచ్చి = నురుగు పైకి తేలునట్లు చేసి; అన్నము + అడుగకుండన్ = భోజనమును కోరకుండ; ఆఫీసు కుర్చిలో = చక్రములు గల ఆసనమునందు; తాగువాని = సేవించువాని యొక్క; నడుము = కటి ప్రదేశము; తగ్గును + అంట = సన్నబడునని చెప్పుకొందురు.

తాత్పర్యం

పని ఒత్తిడిలో భోజనం మానేసి, ఆ స్థానంలో పొడి కలిపిన నీళ్ళు తాగితే సన్నబడతారని లోకంలో ఒక మాట ఉంది.

విశేషాలు

"పొడిని" అన్న చోట చాలామంది పొరబడుతున్నారు. జిమ్ముకు వెళ్ళేవాడు తాగే వే ప్రోటీను వేరు, భోజనానికి బదులుగా తయారైన పొడి వేరు. మొదటిది దాదాపు ఒక్క ప్రోటీనే. రెండోదానిలో ప్రోటీనుతోపాటు పిండిపదార్థం, కొవ్వు, పీచు, రోజుకు కావలసిన విటమిన్లలో కొంత భాగం ఉండాలి. తమ్ముడి జిమ్ డబ్బా ఖాళీ చేస్తూ దాన్నే లంచ్ అనుకునేవాడు పద్యం మొదటి పదం దగ్గరే దారి తప్పాడు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండల కోసం ప్రోటీను పొడులు వాడవద్దనే చెప్పింది. వాటిలో చక్కెరలు, కృత్రిమ తీపి పదార్థాలు కలిసి ఉండవచ్చని కూడా హెచ్చరించింది. లేబులు చదవడానికి ఓపిక లేనివారు ఈ పద్యం చదవడం కూడా ఇక్కడ ఆపేయవచ్చు.

"గరిట" ఎక్కడుంది? కొత్త డబ్బా మూత తీసి, రేకు చింపి చూస్తే కనిపించదు. పొడి అడుగున కూరుకుపోయి ఉంటుంది. మోచేతిదాకా పొడి పూసుకుని తవ్వి తీసినవాడు ఆ శ్రమకు ఫలితంగా స్కూపును గోపురంలా నింపుతాడు. కవి మాత్రం "కొలిచి" అన్నాడు. అనగా అంచువరకే అని భావము. గోపురం కడితే లేబులు మీది లెక్కలన్నీ వ్యర్థం.

"నీళ్ళోసి" అన్నది గ్రామ్యమని ఒక ఆక్షేపణ ఉంది. ఆఫీసులో నీళ్ళు అలాగే పోస్తారు కనుక దోషం లేదు. అసలు వివాదం వేరే ఉంది. "బుడ్డిలో పాలోసి" అని ఒక పాఠాంతరం. ఛందస్సు రెండింటినీ ఒప్పుకుంటుంది, అందుకే రెండు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. జలవాదులు సన్నబడేవాడికి పాలెందుకంటారు. క్షీరవాదులు నీళ్ళతో కలిపినది సున్నపు తేటలా ఉంటుందంటారు. నిజం క్షీరవాదుల పక్షానే కొంచెం మొగ్గుతుంది. 250 మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో సుమారు 150 కేలరీలు, 8 గ్రాముల దాకా ప్రోటీను ఉంటాయి. చాలా డబ్బాల మీద భోజనానికి సరిపడే లెక్క వేసేటప్పుడు ఆ పాలను కూడా కలుపుకుంటారు. నీళ్ళు పోసినవాడు సగం భోజనమే తాగి, పూర్తి భోజనం తాగానన్న ధీమాతో ఉంటాడు. నాలుగింటికి సమోసా వైపు చెయ్యి వెళ్ళడానికి కారణం అతని బలహీనత కాదు, ఈ పాఠభేదం. ఏ పాఠం గ్రాహ్యమో డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

"కదిపి కదిపి" గురించి చెప్పడానికేమీ లేదు, తాగిన వెంటనే కడగాలన్నది తప్ప. వారాంతంలో బ్యాగులో మరిచిపోయిన షేకరు మూత సోమవారం విప్పినవాడికి ఆ రోజు ఆకలి దానంతటదే పోతుంది.

"అన్న మడుగకుండ": పద్యానికి ప్రాణం ఇక్కడుంది. శంక: నడుము తగ్గేది పొడి వల్లనా, అన్నం అడగకపోవడం వల్లనా? సమాధానం: అడగకపోవడం వల్లనే. పొడిలో కొవ్వును కరిగించే మహిమ ఏదీ లేదు. లెక్క చూడండి. మెస్సులో అన్నం, పప్పు, వేపుడు, పెరుగుతో భోజనం 700 కేలరీలనుకుందాం. షేకు 200. మిగులు 500. శరీరంలో ఒక కిలో కొవ్వు విలువ సుమారు 7,700 కేలరీలు కనుక, కాగితం మీద పదిహేను రోజులకు ఒక కిలో. మధ్యలో రోజూ 250 కేలరీల సమోసా ఒకటి చేరితే అదే కిలోకు నెల పడుతుంది. షేకు తాగి, "ఇది టిఫిను లెక్కండీ" అని భోజనం కూడా చేసేవాడి లెక్కలో మిగులేమీ ఉండదు. ఆడిటరు కనుక ఆ పద్దు అతనికే బాగా తెలియాలి.

అయినా షేకులో ఒక గుణం ఉందని ఒప్పుకోవాలి. అది కొలత. మెస్సులో వడ్డించేవాడు గిన్నెతో వచ్చి "ఇంకొంచెం" అంటే వద్దనడానికి మనస్సు రాదు. పార్సెలు తెప్పిస్తే ఒకరికని ఇద్దరికి సరిపడా పంపుతారు. బుడ్డి మాత్రం మారు వడ్డించదు. ఏం తినాలి, ఎంత తినాలి అన్న ఆలోచనను ఒక పూటకు తీసేస్తుంది. గడువు ముందర ఉన్నవాడికి అదే పెద్ద ఉపకారం. దోషం కూడా చెప్పాలి. తాగినది నమిలినంత తృప్తినివ్వదు. పీచు తక్కువైతే మలబద్ధకం వస్తుంది, నీళ్ళు ఎక్కువ తాగక తప్పదు.

మా తాతల అంబలి కూడా ఇదే కదా, దీనికి డబ్బా ఎందుకని అడిగేవారున్నారు. అంబలి మీద నాకు గౌరవమే. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో కాల్షియం ఉంటుంది. ప్రోటీను మాత్రం 7 గ్రాములే, చెంబెడు అంబలిలో పడే పిండికి అది రెండు మూడు గ్రాములు దాటదు. అంబలి తాగి దుక్కి దున్నినవాడు వేరు, ఎక్సెల్ షీటు దున్నేవాడు వేరు.

"కుర్చిలో": కూర్చుని, తెర చూస్తూ తాగడమని భావము. తాగినట్టు గుర్తుండదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి తాగవచ్చు, ఛందస్సు అడ్డు రాదు.

"నడుము": కవి బరువు అనకుండా నడుము అనడంలో వైద్యశాస్త్ర పరిచయం కనిపిస్తుంది. భారతీయుల్లో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటిన నడుమును ప్రమాద సూచనగా లెక్కిస్తారు. మనవాళ్ళకు కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి కొవ్వంతా పొట్టలో చేరడం ఎక్కువ, తూకం చూస్తే అది బయటపడదు. టేపును చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన చుట్టి, ఊపిరి వదిలాక కొలవాలి. ప్యాంటు సైజు ప్రమాణం కాదు, ప్యాంట్లను పొట్ట కింద కట్టుకోవడం మన సంప్రదాయం కనుక.

"అంట" అని కవి ఎందుకు తప్పించుకున్నాడు? పూర్వోదాహరణలు రెండు విధాలుగా ఉన్నాయి కనుక. 1959లో అమెరికాలో పసిపిల్లల ఆహారం చేసే మీడ్ జాన్సన్ కంపెనీ మెట్రికాల్ అనే పొడిని తెచ్చింది. పూటకు 225 కేలరీలు, నాలుగు పూటలకు 900. జనం ఎగబడి కొన్నారు, కొన్నాళ్ళకు విసిగి వదిలేశారు. 1970ల చివరలో అక్కడే ద్రవ ప్రోటీను ఆహారమొకటి వ్యాపించింది. నాసిరకం కొలాజెన్ ప్రోటీను తప్ప మరేమీ లేని ఆ ద్రవాన్ని నెలల తరబడి తాగినవారిలో పదుల మంది చనిపోయారు, చాలామందికి గుండె లయ తప్పింది. ఇక రెండో వైపు. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైకేల్ లీన్ అనే వైద్య పరిశోధకులు చేసిన డైరెక్ట్ ట్రయల్ ఫలితాలు 2017 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. టైప్ 2 మధుమేహులకు మూడు నుంచి ఐదు నెలలు అన్నీ షేకులూ సూపులే, రోజుకు సుమారు 850 కేలరీలు. ఏడాది తర్వాత వారిలో 46 శాతం మందికి మందుల్లేకుండానే మధుమేహం ఉపశమించింది. రెండేళ్ళకు 36 శాతం మందిలో ఆ మంచి నిలిచింది. అయితే అక్కడ మొదటి రోజునే షుగరు, బీపీ మందులు ఆపించారు, వెంట శిక్షణ పొందిన నర్సో డైటీషియనో ఉన్నారు. తర్వాత మామూలు ఆహారాన్ని వారాల తరబడి మెల్లగా మళ్ళీ అలవాటు చేశారు. మన కవి పద్యంలో నర్సు లేదు, తర్వాతి వారాలూ లేవు. నాలుగు పాదాలతో అయిపోయింది. ఈ పద్యం మీద నాకున్న ముఖ్యమైన ఫిర్యాదు అదే. మొదలుపెట్టడం చెప్పాడు, మానడం చెప్పలేదు.

ఆ లోటును ఛాందోగ్యోపనిషత్తు తీరుస్తుంది. కురుదేశంలో వడగళ్ళకు పంట పోయినప్పుడు ఉషస్తి చాక్రాయణుడనే పండితుడు ఆకలితో మావటివాళ్ళ ఊరు చేరాడు. ఒక మావటి కుల్మాషాలు తింటున్నాడు, నాసిరకం గింజలవి. ఎంగిలివైనా సరే పెట్టమని అడిగి తిన్నాడు. మావటి నీళ్ళు కూడా ఇవ్వబోతే వద్దన్నాడు, ఎంగిలి కనుక. గింజలకు లేని ఎంగిలి నీళ్ళకెందుకు వచ్చిందని మావటి నిలదీశాడు. అవి తినకపోతే ప్రాణం నిలవదనీ, నీళ్ళు కోరినచోట దొరుకుతాయనీ ఉషస్తి జవాబు. మిగిలిన గింజలు మర్నాడు పొద్దున్నే తిని, ఆ బలంతో రాజుగారి యజ్ఞానికి వెళ్ళి పని సంపాదించాడు. పని ఒత్తిడిలో తిన్న పూటకు ఇంతకంటే పాత లెక్క నాకు కనిపించలేదు.

ఆపద్ధర్మానికి హద్దు ఇక్కడుంది. షేకు కుల్మాషం. మార్చి చివరి వారంలో, క్లయింటు ఫైళ్ళ మధ్య, బిర్యానీ తప్ప మరో దారి లేని మధ్యాహ్నం దాన్ని తాగడంలో తప్పులేదు. దొరికేదాన్ని కూడా డబ్బాలోంచే తీసుకోవడం తప్పు. ఆదివారం ఇంట్లో ఉండి షేకు తాగేవాడికి ఏ ఉపనిషత్తూ ఆధారం లేదు. రెండు ఉడికించిన గుడ్లలో పన్నెండు గ్రాముల ప్రోటీను ఉంటుంది. వాటితో ఒక జామకాయ, గ్లాసు మజ్జిగ చేరిస్తే ఏ ఆఫీసు మెట్ల కిందైనా పావుగంటలో తినవచ్చు. గుడ్డు తిననివారికి ఉడికించిన శనగలున్నాయి. ఇవి నీళ్ళు, కోరినచోట దొరుకుతాయి. చిక్కల్లా మన ఆపదలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటంలోనే. జూలై అయితే సెప్టెంబరు, అది అయితే మార్చి. సంవత్సరమంతా ఆపదే అయినప్పుడు దాన్ని ఆపద్ధర్మం అనరు, ఉద్యోగం అంటారు. మార్చవలసింది అప్పుడు పానీయాన్ని కాదు, పని వేళల్ని.

అలంకారం

చివరి పాదానికి "తాగు వాని పర్సు తగ్గు నంట" అని మరో పాఠం వ్యాపించి ఉంది. గణాలు, యతి చెడలేదు. కారణం ఒకచోట, కార్యం మరొకచోట కనిపించడం అసంగతి అలంకారం. పొడి పొట్టలోకి వెళ్ళగా సన్నబడింది పర్సు కనుక లక్షణం చక్కగా పట్టింది. రసజ్ఞులు ఈ పాఠాన్నే మెచ్చుకుంటారు. నాకు రెండూ సమ్మతమే, నెల చివర కొలిచి చూస్తే చాలా ఇళ్ళలో రెండో పాఠమే నిలుస్తుంది.

అధికారి

పద్యం ఎవరికి వర్తిస్తుందో చెప్పడం వ్యాఖ్యాత విధి. షుగరుకో బీపీకో మాత్రలు వేసుకునేవారు, గర్భిణులు, బాలింతలు, కిడ్నీ జబ్బున్నవారు దీన్ని చదివి ఆనందించవచ్చు గాని, డాక్టరును అడగకుండా ఆచరించరాదు. మాత్ర అలాగే వేసుకుని తిండి ఒక్కటే తగ్గిస్తే, కొన్ని రకాల షుగరు మందులతో రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మిగిలినవారికి రోజుకు ఒక పూట, అదీ గడువు తేదీ వరకు. ఏప్రిల్ 1న మధ్యాహ్నానికి క్యారేజీ తెచ్చుకోండి.