విహారయాత్రా ప్రకటనము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

ఏలూరునందలి యొకానొక పాఠశాలలో, సంక్రాంతి సెలవులు ముగిసియు పిల్లలకింకను అరిసెల మత్తు వదలని తరుణమున, ప్రధానోపాధ్యాయునిచే రచింపబడి, గుమాస్తాచే నకళ్లు తీయబడి, ఆరవ తరగతివారి డైరీలలో గుండుసూదితో గ్రుచ్చబడిన యీ ప్రకటనము ఆకృతికి స్వల్పమైనను అర్థమున గంభీరము. తల్లిదండ్రులు అడుగున సంతకము చేయుటయే గాని పైన నున్నది యెవరును కడవరకు చదువని యిట్టి గ్రంథములకు వ్యాఖ్యాత లేకుండుట మన వాఙ్మయమునకు లోటని తలంచి యీ టీక సమకూర్పబడినది.

మూలము

ఎల్లుండి ఉదయము 6 గంటలకు విద్యార్థులందఱును యూనిఫారముతో, పెరుగన్నము డబ్బాతో బస్సు వద్ద నుండవలెను. తాడేపల్లిగూడెము మీదుగా మారుటేరు వరి పరిశోధన క్షేత్రమును, తిరుగుదారిలో ఆటపాక పక్షుల కేంద్రమును చూపబడును. రుసుము రూ. 250. చూచినదానిని పది వాక్యములలో వ్రాసి తేవలెను. పొలములోనికి దిగరాదు.

టీక

6 గంటలకు = 7 గంటలకు; విద్యార్థులందఱును = రుసుము చెల్లించినవారందఱును; యూనిఫారముతో = తెల్లచొక్కాతో, అనగా బురదచుక్క యొక్కటి పడినను ఇంట తల్లికి తెలిసిపోవు వస్త్రముతో; పెరుగన్నము డబ్బాతో = వరి పుట్టినింటికి వరియన్నమునే మోసికొనిపోవు పాత్రతో; బస్సు వద్ద = కిటికీ సీటు నిమిత్తమై సంగ్రామము జరుగు స్థలమునందు; చూపబడును = దూరమునుండి వ్రేలితో నిర్దేశింపబడును; పది వాక్యములలో = ముందు బల్లపై కూర్చుండు బాలిక వ్రాసిన పది వాక్యములను తక్కినవారు చూచి వ్రాయుటచేత; పొలములోనికి దిగరాదు = దీని యర్థము అతిస్పష్టము, ఆశయము అతినిగూఢము. ముందు విచారింతము.

పాఠాంతరము

‘ఏ’ సెక్షను ప్రతులలో రూ. 250 అనియు, ‘బి’ సెక్షను ప్రతులలో రూ. 300 అనియు కలదు. మొదటిది ప్రాచీనపాఠమనియు, బస్సు యజమాని డీజిలు ధరను స్మరించిన పిమ్మట రెండవది పుట్టినదనియు మా నిశ్చయము.

విశేషములు

‘తాడేపల్లిగూడెము మీదుగా’ అని కవి యలవోకగా ననినను, ఆ దారియే యొక చరిత్ర. 1852లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి నీటిని పడమటికి కొనివచ్చిన ఏలూరు కాలువ యీ ప్రాంతముననే పారుచున్నది. దానికి ఎగువన మెట్ట, దిగువన డెల్టా. కిటికీకి అటువైపు కూర్చున్నవానికొక దేశమును, ఇటువైపు కూర్చున్నవానికి వేఱొక దేశమును కనబడవలసిన చోటున, బస్సులోని టీవీలో సినిమాపాటలు వేయబడును.

మారుటేరు క్షేత్రము 1925లో వెలసినది. ఏలూరు ముఖ్యపట్టణముగా పశ్చిమ గోదావరి జిల్లా యేర్పడినదియు ఆ యేడే. జిల్లా 2022లో విభక్తమై, ఏలూరు తన జిల్లాతో వేఱుపడినది గనుక, తాత తన జిల్లాలో చూచిన పొలమును మనుమడిప్పుడు పరజిల్లాకు పోయి చూడవలసియున్నది.

ఈ క్షేత్రమున పుట్టిన వరులకు విద్యార్థులకువలెనే సంఖ్యలుండును. ఎం.టి.యు. అను మూడక్షరములు మారుటేరునకు సంకేతములు. ఎం.టి.యు. 7029 అన్నచో పిల్లవాడు గుర్తింపడు. స్వర్ణ యన్నచో వాని యమ్మమ్మ గుర్తించును. వసిష్ఠ యను రకమును, మలయాదేశమునుండి వచ్చిన మాసూరిని సంకరపఱచుటచే జనించి 1982లో విడుదలయైన యీ వరి, సుమారు 150 దినములలో పండుచు, గోదావరి గట్లు దాటి ఒడిశా, వంగదేశముల పొలములవఱకు వ్యాపించినది. సంకరమనగా పుస్తకములోని బాణపుగుర్తు కాదు; వరిపువ్వు విచ్చుకొనకముందే దానియందలి పుప్పొడితిత్తులను సన్నని పనిముట్టుతో తొలగించి, వేఱొక కంకి పుప్పొడిని దానిపై రాల్చి, ఆ పుట్టిన గింజల సంతతిని తరము వెంబడి తరముగా ఏఱుకొనుచు సంవత్సరములు గడపుట.

ఇంత కీర్తిగల స్వర్ణకును ముంపు సహింపని దోషముండెను. ఒడిశాకు చెందిన యొక పాత వరినుండి ముంపునకోర్చు లక్షణమును గ్రహించి, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు స్వర్ణయందు ప్రవేశపెట్టగా, స్వర్ణ సబ్-1 అను పేర 2009లో అది మన దేశమున విడుదలయైనది. రమారమి రెండు వారములు నీటమునిగియు అది బ్రతికి తల యెత్తును. తుపాను వచ్చిన ప్రతియేడు చేలు మునుగుట చూచు బాలునికి దీనికి మించిన సైన్సు పాఠమేది?

‘ఆటపాక’ యనుచోట వ్యాఖ్యాత కించుక విశ్రాంతి. భీమవరము, ఆకివీడు దాటి ఉప్పుటేరు వంతెన నెక్కినచో, తమ్మిలేరు బుడమేరులు కొల్లేటికి తెచ్చిన నీరు సముద్రమునకు పోవు మార్గము కనబడును. 1999లో అభయారణ్యమై, 2002లో రాంసార్ జాబితాకెక్కిన యీ సరస్సున, ఆటపాకవద్ద గూడబాతులు గ్రుడ్లు పొదిగి పిల్లలను పెంచును. పిల్ల గూడబాతునకు చేపలు పట్టుటను గూర్చి పది వాక్యములు వ్రాయు నియమము లేదు. అది నీటిలోనికి దిగును.

శంకా సమాధానములు

శంక: మారుటేరులో మడి మడికి వేఱు ప్రయోగము, ఒక రకపు నారులో వేఱొకటి కలిసినను, వరుస చెడినను పరిశోధకుల యేడాది శ్రమ వ్యర్థమగును. కావున ‘దిగరాదు’ అనుట న్యాయమే కదా?

సమాధానము: న్యాయమే. ప్రయోగమడిలోనికి ప్రధానోపాధ్యాయుడును దిగరాదు. కాని మూలమున ‘ప్రయోగమడి’ యని లేదు, ‘పొలము’ అని కలదు. తాడేపల్లిగూడెమునుండి మారుటేరువఱకు దారికిరువైపుల నున్నవి పొలములే. అది దాళ్వా ఊడ్పుల కాలము. దమ్ముచేసిన మడులు, గట్లపై నారుకట్టలు, వంగి వెనుకకు నడచుచు నాటు స్త్రీలు అడుగడుగున కనబడుచుండగా, ఏ రైతు నడిగినను ఒక చిన్న మడిని అరగంటసేపు ఇయ్యడా?

శంక: పిల్లలు వంకరగా నాటుదురు.

సమాధానము: నాటుదురు. వారు పోయిన పిమ్మట సరిదిద్దుటకు ఇద్దరు కూలీలకు పూటకూలి యియ్యవలెను. ‘బి’ సెక్షను ప్రతులలోని అదనపు ఏబది రూపాయల కింతకన్న సద్వినియోగము లేదు.

శంక: బట్టలు మురికియగును.

సమాధానము: ఈ శంకయే నిషేధమునకు అసలు మూలమని వ్యాఖ్యాత యెఱుగును.

తాత్పర్యము

నారుకట్ట విప్పి, కుదురుకు రెండు మూడు మొక్కలు తీసికొని, బొటనవ్రేలి యొత్తుడుతో పైపైని నాటవలెను. లోతుగా గ్రుచ్చినచో పిలకలు తగ్గును. ఈ మాట గట్టుమీద నిలిచి వినినవాడు పరీక్షలో వ్రాయును. మడిలో దిగినవాడు తన వ్రేళ్ళకు బురద యెంతవఱకు తగిలినదో తెలిసికొనును, నడుము వంచి పది కుదుళ్ళు నాటునప్పటికి, దినమంతయు నాటువారి కూలిని గూర్చి వానికొక యభిప్రాయమును కలుగును. గట్టుమీదినుండి మాత్రమే పొలమును చూచుట మూలము విడిచి టీక చదువుట. జీవితకాలము టీకలతో గడపినవాడు చెప్పుచున్నాడు గనుక యీ మాట నమ్మదగినది: టీక యెంత గొప్పదైనను మూలము చదివినవానికే ప్రయోజనము. ఈ బాలురలో పెక్కుమంది తాతలు మోకాటిబంటి బురదలో మూలమును చదివినవారు. తండ్రులు ధాన్యపు ధర చదివిరి. మనుమలకు పెరుగన్నము డబ్బా మిగిలినది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యానమును శ్రద్ధగా చదివిన ప్రధానోపాధ్యాయునకు కీర్తియు, చదువక సంతకము చేసిన తల్లిదండ్రులకు ఒక దినము చాకిరేవును సిద్ధించును. వచ్చు సంవత్సరపు ప్రతియందు కడపటి వాక్యమునిట్లు సవరించుట: ‘ప్రయోగమడులలోనికి దిగరాదు. రైతు చూపిన మడిలో ప్రతివాడును ఒక వరుస నాటవలెను. అదనముగా ఒక జత బట్టలును, తువ్వాలును తెచ్చుకొనవలెను. పది వాక్యములు వ్రాయనక్కఱలేదు.’