హెల్మెట్ సారు

వానకాలం కోతలయి, వడ్లు రోడ్డు మీద ఆరబోసే రోజుల్లోనే ఆయనా రోడ్డెక్కుతాడు. నిరుడు వచ్చిన మనిషి ఈసారి రాడు. అయినా వచ్చేది ఆయనే. అవే నల్ల కళ్లద్దాలు, ఒంటికి అంటుకుపోయిన అదే చిలకపచ్చ బనీను, రోజంతా సైకిల్ మీదున్నా కూర్చోవడానికి భయపడే అదే నడక. ఎవరు వచ్చినా మా పాలకుర్తి పిల్లలు అందరికీ కలిపి ఒకటే పేరు పెట్టుకున్నారు: హెల్మెట్ సారు.

హెల్మెట్ సారు నలభైకి అటో ఇటో ఉంటాడు. హైదరాబాద్‌లో కంప్యూటరు ఉద్యోగం. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు మొహం అదోలా పెట్టిన మర్నాడు సైకిలు కొన్నాడు. కొన్నాళ్లు కాలనీ చుట్టూ తొక్కాడు. 2023లో అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచాక అక్కడ తొక్కాడు. ఆ నీడలో ఆగి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయేది. అక్కడ ఎవరో ఆయన చెవిలో బీఆర్‌ఎం అన్న మాట ఊదారు.

ఈ మాట పాలకుర్తి చౌరస్తాలో అనకూడదు. అంటే, "గిదెప్పుడు వెట్టిన్రు? ఏ పార్టీలకెల్లి చీలింది?" అని అడుగుతారు. ఇది పార్టీ కాదు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ వాళ్ల లెక్క ప్రకారం దేశదేశాల్లో జరిగే దూరాల సైకిల్ సవారీ. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవయ్యేడు గంటల్లో, 600 నలభై గంటల్లో ముగించాలి. నాలుగూ ఒకే ఏడాది పూర్తి చేస్తే సూపర్ రాండోనియర్ అంటారు. మొదట వచ్చినవాడికి బహుమతి ఉండదు. ఆఖరుకొచ్చినవాడికి అవమానం ఉండదు. వేళకు చేరామా లేదా, అంతే. ఆఫీసులో ఏటేటా మార్కులు వేయించుకుని విసిగిన మనిషికి ఇది ఎంత సుఖంగా ఉంటుందో నాకు అర్థమవుతుంది. నాకు అర్థం కానిదల్లా, ఆ సుఖం కోసం తెల్లారుజామున మూడింటికి కుక్కల చేత తరిమించుకోవడం.

ఇందులో వచ్చిన చిక్కు సాక్ష్యం. ఫలానా చోటికి ఫలానా వేళకు చేరానని రుజువు చూపించాలి. హెల్మెట్ సారు చాయ్ హోటల్లోకి వస్తాడు. బూట్ల అడుగున పెడల్‌కు తగిలించుకునే బిళ్లలు ఉంటాయి కాబట్టి, కొత్తగా నాడాలు కొట్టించుకున్న ఎద్దులా టకటకమంటూ వస్తాడు. కుర్చీ వేస్తే వద్దంటాడు. మర్యాదస్తుడనుకుంటారు. ఆ మర్యాద ఎక్కడ నొప్పి పుట్టి వచ్చిందో ఆయనకే తెలుసు. నిలబడే చాయ్ తాగి, సంచిలోంచి ఒక అట్ట తీస్తాడు.

"అన్నా, దీని మీద టైము వేసి ఒక సంతకం పెడతారా?"

హోటలాయన గరిటె పక్కన పెట్టాడు. "మా బామ్మర్ది గిట్లనే చిట్టీకి ఒక్క సంతకం అన్నడు సార్. ఇయ్యాల్టి దాక కడుతున్న."

"అయ్యో, జమానతు కాదన్నా. నేను ఇక్కడికి వచ్చినట్టు సాక్ష్యం."

"సాక్ష్యమా? ఏం కేసు?"

అర్ధరాత్రయితే హోటళ్లు ఉండవు. అప్పుడు ఏటీఎంలోకి దూరి వంద రూపాయలు తీస్తాడు. డబ్బు కోసం కాదు, తేదీ, టైము అచ్చయి వచ్చే చీటీ కోసం. డబ్బు వస్తుంది, చీటీ రాదు. చీటీ వచ్చి డబ్బు రాలేదని లోకమంతా మొత్తుకుంటుంటే, చేతిలో నోటు పట్టుకుని చీటీ రాలేదని దిగులుపడే ఖాతాదారుడు ఈయనొక్కడే.

ఆయన జీవితాశయం పారిస్–బ్రెస్ట్–పారిస్. 1891లో పుట్టిన పోటీ అది. ఇప్పుడు పోటీ పోయి సవారీగా మిగిలింది. నాలుగేళ్లకోసారి వస్తుంది. 1200 కిలోమీటర్లు, తొంభై గంటలు. ఈ సంగతి ఆయన కళ్లు మెరుస్తుండగా చెబితే, చాయ్ తాగుతున్న తాత శ్రద్ధగా విన్నాడు.

"పారిస్‌కెల్లి బయల్దేరి మల్ల పారిస్‌కే వస్తరా?"

"అవును తాతగారూ."

"మరి పోవుడెందుకు?"

ఇక సైకిలు. అది గోడకు ఆనించి ఉంటుంది, ఎందుకంటే దానికి స్టాండు లేదు. పంక్చరు షాపు పిల్లవాడు దాని చుట్టూ తిరిగి చూశాడు. స్టాండు లేదు, క్యారేజీ లేదు, మడ్‌గార్డు లేదు, చైను మీద కవరు లేదు. "అన్నీ దారిల అమ్ముకుంట వచ్చినవా సార్?" అన్నాడు. అతని పంపు దీని సన్నటి వాల్వుకు పట్టదు. పట్టించే బిళ్ల ఒకటి హెల్మెట్ సారు దగ్గరే ఉంటుంది, మూడు సంచులు కింద కుమ్మరిస్తే నాలుగోదాంట్లో దొరుకుతుంది. అన్నట్టు ఆయన పళ్లు తోముకునే బ్రష్షు సగానికి కోసి ఉంటుంది. బరువు తగ్గడానికట. పొట్టలో ఉన్న ఎనిమిది కిలోల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ సైకిలుకు మూడు ధరలున్నాయి. సాటి సవారీవాళ్లకు చెప్పేది లక్షా ఎనభై వేలు. భార్యకు చెప్పింది ఇరవై ఎనిమిది వేలు. పల్లెల్లో చెప్పేది పన్నెండు వేలు. పాలకుర్తిలో ఒకసారి అలవాటు తప్పి నిజం చెప్పాడు. హోటల్ మొత్తం నిశ్శబ్దమైంది. "గా పైసలకు రెండు బర్రెలొస్తయ్ బిడ్డా" అంది మూల బల్ల మీద కూర్చున్న ముసలమ్మ, తిట్టినట్టు కాకుండా, పరామర్శించినట్టు. బయట తాత పాత అట్లాస్ సైకిలు ఉంది, మూడు ముక్కలు కలిపి అతికించిన సీటుతో. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ కార్ఖానా 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఇలాంటి సంగతి ఎవరైనా కథలో రాస్తే నమ్మించలేకపోయాడంటాం.

హెల్మెట్ సారుకు ఇంకో జాతి బంధువులున్నారు. వాళ్లు గుంపుగా వస్తారు. ముందు గైడు, వెనక వ్యాను, వ్యానులో మెకానిక్కు, అరటిపండ్లు, ఉప్పు కలిపిన నీళ్లు, రాత్రికి హోటలు గది. ఎవరికైనా కాలు పట్టేస్తే మనిషిని, సైకిల్‌ను కలిపి వ్యానెక్కిస్తారు. నన్నడిగితే తెలివైనవాళ్లు వాళ్లే. మా వాళ్లకూ వాళ్లతో పేచీ లేదు. జట్టు, బండి, వంట ఉంటే అదేదో పెళ్లి బాపతని ఊరుకుంటారు. పేచీ అంతా ఒంటరిగా వచ్చేవాడితోనే.

ఎందుకంటే పాలకుర్తి ప్రయాణాలు తెలియని ఊరు కాదు. ఇక్కడ పుట్టిన కవి సోమన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం రాశాడు. శివరాత్రికి శ్రీశైలం చేరే జనం, వాళ్ల ఆటలు, పాటలు అందులో బారులు తీరి కనిపిస్తాయి. ఇప్పటికీ రెండేళ్లకోసారి మేడారం పోతారు, నిలువెత్తు బెల్లం తూకం వేసి సమ్మక్కకు బంగారమని ఇస్తారు. కొమురెల్లి మల్లన్న దగ్గరికి పోతారు. గుట్ట మీద సోమేశ్వరుడి దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తారు. ఎంత దూరమైనా, ఎంత కష్టమైనా, పోయేవాడిని ఎవరూ ఆపరు. ఒక్క ముక్క మాత్రం తెలియాలి: ఎందుకు?

హెల్మెట్ సారు దగ్గర లేనిది ఆ ఒక్కటే. స్టాండు లేకపోతే గోడ ఉంది, దీనికి గోడ కూడా లేదు.

మొన్నామధ్య వచ్చిన సారు బనీను వీపు మీద కాశ్మీర్ టు కన్యాకుమారి అని రాసి ఉంది. జాతీయ రహదారి 163 మీద లారీల గాలికి ఊగుతూ జనగామ దాకా వచ్చి, కుడికి తిరిగి దేవరుప్పుల మీదుగా మా వైపు దిగాడు. పోతన బమ్మెర, వాల్మీకి పేరు చెప్పుకునే వల్మిడి, సోమన పాలకుర్తి ఒకే సవారీలో కవర్ అవుతాయని ఎవరో చెప్పారట. కవులను చదవాలని ఆయనకు లేదు, కవర్ చేస్తే చాలు. బమ్మెరలో ముందు సైకిలు, వెనక పోతన. ఇక్కడ ముందు సైకిలు, వెనక సోమేశ్వరుడి గుట్ట. ఇది చాకలి ఐలమ్మ ఊరని తెలిసి పిడికిలి బిగించి ఇంకో ఫోటో. అందులోనూ ముందున్నది సైకిలే.

తాత మొదలుపెట్టాడు. ఒకప్పుడు లారీ నడిపిన మనిషి, రోడ్ల సంగతి ఆయనకు చెప్పనక్కరలేదు. "కన్యాకుమారంటే కర్నూలు, అనంతపురం మీదికెల్లి గదా పోవాలె. నువ్వు తొర్రూరు రోడ్డు పట్టినవేంది?"

"సీనిక్ రూటు తాతగారూ."

"గట్లనా. తొవ్వ తప్పినవేమో అనుకున్న. బస్సులు గిట్ల బందున్నయా?"

"లేదండీ. ఫిట్‌నెస్ కోసం."

"పొలం లేదా మీకు?"

సారు నీళ్లు నమిలి, స్వరం తగ్గించి, ఆఫీసు మిత్రులను నోరు మూయించిన జవాబు తీశాడు. "నన్ను నేను తెలుసుకోవడానికండీ."

"ఆధార్ కార్డు పోయిందా బిడ్డా?" అంది ముసలమ్మ, నిజంగానే బాధపడుతూ.

ఇక లాభం లేదని సంచిలోంచి చిన్న ఫ్లెక్సీ తీసి విప్పాడు. నీటిని పొదుపుగా వాడండి అని ఉంది. అప్పటికే మూడు సీసాలు నింపుకుని, నాలుగో సీసా నెత్తిన గుమ్మరించుకున్నాడు. హోటలాయన ఆ తడి నేలనూ, ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూసి ఏమీ అనలేదు.

ఇందులో హెల్మెట్ సారును మాత్రమే ఎగతాళి చేయడం న్యాయం కాదు. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ కుర్రాళ్లు సైకిళ్ల మీద లోకం చుట్టడానికి బయల్దేరారు. 1928లో ముగ్గురు తిరిగొచ్చారు, 71,000 కిలోమీటర్లు తొక్కి. వాళ్లకు ఫోన్లో దారి చెప్పే గొంతు లేదు, కోసిన బ్రష్షు లేదు. ఎందుకనే ప్రశ్న మాత్రం ప్రతి దేశంలోనూ ఎవరో ఒక తాత అడిగే ఉంటాడు. ఇల్లు కదలని వాళ్లకున్న హక్కు అది.

సారు బయటికి వచ్చి ఫోను చూసుకున్నాడు. 119.4 కిలోమీటర్లు. ఈ జాతికి సున్నాతో ముగిసే అంకె కాకపోతే నిద్ర పట్టదు. తొక్కినదంతా స్ట్రావా అనే యాప్‌లో ఎక్కుతుంది. 119.4 అని ఎక్కితే పరువేం కావాలి? సైకిలెక్కి చౌరస్తా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండు, మూడు. ఆరబోసిన వడ్లను తప్పించుకుంటూ, పెదవులతో అంకెలు లెక్కపెట్టుకుంటూ, చేతికి కట్టిన ఫోను వంకే భక్తిగా చూసుకుంటూ.

ముసలమ్మ గడపలోకి వచ్చి చూసింది. ఆమె మొహం విప్పారింది. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా!" అంది. "మొక్కున్నది పిలగానికి. ప్రదక్షిణలు చేస్తాండు."

ఆ ఒక్క మాటతో అన్నీ సర్దుకున్నాయి. బిగుతు బట్టలు, ఎండ, కూర్చోకపోవడం, రెండు బర్రెల డబ్బు, తిరిగి పారిస్‌కే రావడం, ఏదీ ఎవరికీ వింతగా లేదు. మొక్కున్నవాడు మోకాళ్ల మీద కూడా నడుస్తాడు, సైకిలెంత? తాత తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. హోటలాయన చాయ్ పైసలు తీసుకోనన్నాడు. ఇంతకుముందు పెట్టనన్న సంతకం తనంతట తానే అడిగి పెట్టి, కింద హోటల్ ముద్ర కూడా వేశాడు.

120 పూర్తి చేసి సారు దిగేసరికి ముసలమ్మ కొంగు ముడి విప్పి సిద్ధంగా ఉంది. పది నోటు, ఒక రూపాయి బిళ్ల. "కన్యాకుమారి అమ్మోరి హుండీల ఎయ్యి బిడ్డా. మనుమరాలి పేరు చెప్పు."

సారు మొహంలో రంగు మారింది. బనీను వీపు మీద రాయనిది ఒకటుంది: ఆయన కాశ్మీర్ టు కన్యాకుమారిని విడతలవారీగా తొక్కుతున్నాడు. ఈ విడత ఖమ్మంలో అయిపోతుంది. అక్కడ బావమరిది కారు తెస్తాడు. సోమవారం ఆఫీసుంది.

"అమ్మా, నేను ఈసారి ఖమ్మం దాకే..."

"ఖమ్మంల ఏమున్నది బిడ్డా? నీ మొక్కు గా తల్లికి గదా."

తాత యాభై ఒకటి ఇచ్చాడు. పంక్చరు షాపు పిల్లవాడు ఇరవై ఒకటి. వడ్ల దగ్గర కావలి ఉన్న ఆడవాళ్లు నలుగురు వచ్చి తలా ఇంత ఇచ్చారు. ఒకామె చిల్లర లేదని కుంకుమ పొట్లం, కొబ్బరికాయ తెచ్చింది. కొబ్బరికాయను సారు రెండు చేతులతో పట్టుకుని తూకం వేసినట్టు ఊపాడు. ఫోన్‌పే చేయవచ్చు కదా అనబోయి, మానుకున్నాడు. రూపాయి బిళ్లలన్నీ గుడ్డలో మూట కట్టి, కోసిన బ్రష్షు ఉన్న సంచిలోనే పెట్టి, సైకిలెత్తి చూసుకున్నాడు. తరువాత కొంచెం దూరం పోయి, చింతచెట్టు కింద నిలబడి ఆఫీసుకు ఫోను కలిపాడు. అవతలి గొంతు గట్టిగానే వినిపిస్తోంది. సారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి హోటలాయన వంక తిరిగాడు.

"ఇంకో పదిహేను రోజులు సెలవంటే కారణం అడుగుతున్నారు. ఏం చెప్పమంటావన్నా?"

"మొక్కున్నదని చెప్పు సార్" అన్నాడు హోటలాయన, చాయ్ వడకడుతూ.