రా... రా... హోల్డాన్!

రాత్రి పదిన్నరకు మా గల్లీ నిద్ర లేస్తుంది.

ముందు రివర్సు గేరు కూత. దాని వెనకే క్లీనర్ గొంతు. "రా... రా... లెఫ్ట్ కొట్టు... రానీ... హోల్డాన్!" టిప్పర్ బాడీ మీద అరచేత్తో రెండు చరుపులు. ఆ తర్వాత లోడు లోడంతా కంకర ఒక్కసారిగా నేలకు జారుతుంది. వంటింటి అల్మరాలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని, "ఇంకా రెండున్నాయి" అంటుంది. ఆవిడ లెక్క ఇంతవరకూ తప్పలేదు.

మా హైదరాబాదులో పగటిపూట పెద్ద లారీ కనపడకూడదు. ఉండకూడదని కాదు, కనపడకూడదని. పెళ్ళివారింట్లో వంటవాళ్ళు పెరటి దారిన వచ్చిపోయినట్టు, ఈ ఊరిని కట్టే ఇసుకా సిమెంటూ ఇనుమూ చీకట్లో వచ్చి చీకట్లోనే సర్దుకోవాలి. పొద్దున లేచేసరికి ఎదురుగా ఇంకో అంతస్తు ఉంటుంది. ఎలా లేచిందో అడగకూడదు.

మా చౌరస్తాలో నో ఎంట్రీ బోర్డుంది. ఎర్రటి గుండ్రం, మధ్యలో లారీ బొమ్మ, కింద వేళలు. ఆ వేళల మీద సంక్రాంతి నుంచీ ఓ యువనేత పుట్టినరోజు ఫ్లెక్సీ వేలాడుతోంది. రెండు చేతులూ జోడించి నవ్వుతుంటాడు. కాబట్టి ఈ రోడ్డు మీదికి లారీ ఎప్పుడు రాకూడదో ఎవరికీ తెలీదు గానీ, ఆయన ఎప్పుడు పుట్టాడో అందరికీ తెలుసు.

చట్టంలో లోపమేమీ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం, జనం భద్రత కోసమో, రోడ్డు తీరును బట్టో ఫలానా వాహనం ఫలానా దారిన రాకూడదని సర్కారు ఆంక్ష పెట్టొచ్చు. నెలకు మించి ఉండే ఆంక్షయితే గెజిట్‌లో అచ్చు వేయాలి. గెజిట్ చదివే లారీ డ్రైవర్‌ను నేనింతవరకు చూడలేదు. లారీ వెనక రాతలు చదివే గెజిటెడ్ ఆఫీసర్లు మాత్రం బోలెడుమంది. రోజూ వాటి వెనకే ఆగి ఉంటారు కదా.

ఈ పగటి నిషేధం మన సొంత తెలివి అనుకుని మురిసిపోనక్కర్లేదు. రెండువేల ఏళ్ళ కిందటే జూలియస్ సీజర్ రోమ్ నగరంలో పగటిపూట బరువు బళ్ళు తిరగకూడదన్నాడు. గుళ్ళ నిర్మాణానికీ ప్రభుత్వ పనులకూ తప్ప! మినహాయింపు అప్పుడే, నిషేధానికి కవలగా పుట్టిందన్నమాట. దాంతో బళ్ళన్నీ రాత్రికి మళ్ళాయి. నూటయాభై ఏళ్ళ తర్వాత జువెనల్ అనే కవి, ఆయనా మా వ్యంగ్యం బాపతే, సందుల్లో బళ్ళ రొదకు కంటిమీద కునుకు లేదని ఏడ్చుకున్నాడు. సామ్రాజ్యం పోయింది గానీ టైమింగులు మారలేదు.

నమ్మకపోతే ఓ రాత్రి శివార్లకు వెళ్ళి చూడండి. రోడ్డు పక్కన లారీలు బారులు తీరి ఉంటాయి. ఓ డ్రైవర్ చిన్న స్టవ్ మీద అన్నం వారుస్తుంటాడు. క్లీనర్ ఇనుపరాడ్డుతో టైర్లు ఒక్కొక్కటీ కొట్టి, మోతను బట్టి గాలి చూస్తుంటాడు. అందరి కళ్ళూ సెల్‌ఫోన్లో గడియారం మీదే. టైమయిందా, అంతే, గేటెత్తిన పందెం గుర్రాలే. తెల్లారేలోగా వీలైనన్ని ట్రిప్పులు పడాలి, ట్రిప్పుకింతని కూలీ మరి. పగలంతా రావలసిన బరువును రాత్రి కొద్ది గంటల్లో కుక్కి, మళ్ళీ "ఎందుకయ్యా అంత స్పీడు?" అని మనమే అడుగుతాం. ఆ వేళ రోడ్డు మీద ఉండేదెవరు? షిఫ్టు దిగి స్కూటీ మీద ఇంటికెళ్ళే ఆడపిల్ల, చీపురు పట్టుకుని డివైడర్ పక్కన వంగి ఊడ్చే మనిషి. వాళ్ళను కాపాడే బోర్డు ఏ చౌరస్తాలోనూ లేదు.

"158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పెట్టుకుని ఊళ్ళోకెందుకండీ?" అంటాడు మా పక్కింటాయన. ముంబై నుంచి విజయవాడ పోయే లారీ ఆ రింగు మీదే పోతుంది మహాశయా, దానికి మీ గల్లీతో పనేముంది? గల్లీలోకి వచ్చింది మీరు పిలిచిన లారీ. మీ పెంట్‌హౌస్‌కి రోబో ఇసుక ఔటర్ మీద దింపిపోతే మీరు ఊరుకుంటారా?

ఇక బరువు సంగతి. లారీల్ని తూచే కాటాకు మనవాళ్ళు ధర్మకాటా అని పేరు పెట్టారు. ధర్మరాజు రథం నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచేదట. మన టిప్పర్లూ కాటా మీద అలాగే తేలతాయి. "లోడు లిమిటులోనే ఉంది" అని గట్టిగా, "పైన ఇంకో ఆరు టన్నులు" అని మెల్లగా. ఆ రెండోది కుంజరః అన్నట్టు ఎవరికీ వినపడదు. పట్టుబడితే 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. ఎక్కువ సరుకు దించేదాకా బండి కదలకూడదు. దించిన కంకర ఎక్కడికి పోతుందని అడిగేరు. ఎక్కడికీ పోదు. రోడ్డు పక్కనే ఉండి, బైకులవాళ్ళ కోసం ఎదురుచూస్తుంది.

అమెరికావాళ్ళు 1958 నుంచి 60 దాకా ఇల్లినాయ్‌లో ప్రత్యేకంగా రోడ్లు వేసి, సైనికుల చేత లారీలు తోలించి ఓ లెక్క తేల్చారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డు అరుగుదల రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. మనవాళ్ళు ఈ లెక్క చదివారో లేదో, 2018లో నాలుగు టైర్ల ఇరుసు మీద 10.2 టన్నులుండే పరిమితిని 11.5కు పెంచారు. పెరిగిన బరువు పదమూడు శాతం, పై లెక్కన అరుగుదల అరవై శాతం. ఇది చట్టప్రకారం మోసే లారీ సంగతి. కుంజరః లెక్క ఇందులో లేదు.

ఇవన్నీ మొన్న ఆదివారం మా కాలనీ సంఘం మీటింగులో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. గల్లీలోకి భారీ వాహనాలు రాకూడదని ఏకగ్రీవంగా తీర్మానించి, సమోసాలు తినేలోపే బోర్డు రాయించి గేటుకు కట్టేశారు. పెయింటు ఇంకా ఆరలేదు.

ఆ రాత్రే నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. మూడు రోజులుగా బోరు ఎండిపోయి ఉంది. పది టైర్ల బండి, పైనుంచి నీళ్ళు తొణుకుతున్నాయి. తీర్మానం చేసిన వాళ్ళమంతా లుంగీల మీదే పరిగెత్తాం. సెక్రటరీగారు టార్చి ఊపుతూ "రా... రా... లెఫ్ట్ కొట్టు..." అంటున్నారు. డ్రైవర్ బోర్డు దగ్గర బ్రేకేసి తల బయటపెట్టాడు.

"సార్, పెద్ద బండ్లు రావొద్దని రాసిన్రు. లోపటికి రావాల్నా, వద్దా?"

"అది మామూలు లారీలకయ్యా, నువ్వు రా."

"మాది గూడ మామూలు లారీనే సార్. నెలనెలా ఇస్తనే ఉన్నం."