వాతాపికి టైమివ్వండి

మా బంధువర్గంలో డాక్టరు చదివినవాళ్లు తక్కువ. వైద్యం చేసేవాళ్లు మాత్రం ఇంటికొకరు. అందరిదీ ఒకటే స్పెషలైజేషన్: గ్యాసు. తలనొప్పంటే "గ్యాసు తలకెక్కిందే" అంటుంది మా పెద్దమ్మ. నడుం పట్టేసిందంటే "గ్యాసొచ్చి నడుంలో కూచుందిరా" అంటాడు మా బాబాయి. మోకాలు కిర్రుమన్నా గ్యాసే, కొత్తల్లుడు ముభావంగా ఉన్నా గ్యాసే. వీళ్ల లెక్కన ఒంట్లో గ్యాసు వెళ్లలేని చోటు ఒక్కటే ఉంది. అది వెళ్లాల్సిన చోటు.

పొట్టలోంచి తలకీ, మోకాలికీ దారి లేదు మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా వినరు. ఉన్నది ఒకటే గొట్టం. నోటి దగ్గర మొదలై, గొంతు దిగి పొట్టలోకి, అక్కణ్నుంచి సుమారు 6 మీటర్ల చిన్నపేగులోకి, ఆపైన మీటరున్నర పెద్దపేగులోకి వెళ్లి, మీకు తెలిసిన చోట ముగుస్తుంది. ఆ గొట్టంలో ఉన్న గ్యాసులో కొంత మనం గబగబా తింటూ, సోడాలు తాగుతూ మింగిన గాలి. మిగతాది పెద్దపేగులో కాపురమున్న బ్యాక్టీరియా చలవ. కందిపప్పు, శనగపప్పు, చిక్కుడు గింజల్లో రాఫినోజ్ లాంటి చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మన చిన్నపేగులో లేదు. అవి అరక్కుండానే కిందికి వెళితే, అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి హైడ్రోజను, కార్బన్ డయాక్సైడు, కొందరిలో మీథేను తయారుచేస్తుంది. ఈ మూడింటికీ వాసన లేదు. వాసనంతా చిటికెడు గంధకపు వాయువులది. ఉండేది చిటికెడే, పోయేది మాత్రం మొత్తం పరువు.

కాబట్టి పప్పు తిన్నవాడికి కాస్త గ్యాసు రావడం రోగం కాదు. బ్యాక్టీరియా డ్యూటీలోనే ఉందని తెలుసుకుని సంతోషించాలి, వీలైతే ఒంటరిగా.

మన అసలు జబ్బు వేరే. దాని పేరు తొందర. ఉగ్గుగిన్నె కింద పెట్టీ పెట్టకముందే అమ్మమ్మ పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటుంది. ఇల్వలుడు "వాతాపీ, బయటికి రా" అని పిలిచేలోపే అగస్త్యుడు ఆ రాక్షసుణ్ని అరాయించుకున్నాడు. ఆ రికార్డు అప్పటినుంచీ మన బుర్రల్లో ఉండిపోయింది. ఆయన మహర్షి, ఆయనకి చెల్లింది. మామూలు మనిషి పొట్టలో పెళ్లి భోజనం నాలుగైదు గంటలైనా ఉంటుంది. నెయ్యీ నూనే ఎక్కువైతే ఇంకా పైమాటే. నోట్లో పెట్టిన ముద్ద కడదాకా ప్రయాణం చెయ్యడానికి ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా పడుతుంది. మనం మాత్రం తిన్న గంటకే "ఇంకా అరగలేదే" అని సోడా తెప్పిస్తాం.

అసలు జీర్ణం మొదలయ్యేది పొట్టలో కాదు, నోట్లో. ఇంకా చెప్పాలంటే ముక్కు దగ్గర. కొత్తావకాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పగానే నోట్లో నీరూరుతుంది, పొట్టలో ఆమ్లం కూడా ఊరడం మొదలెడుతుంది. రోజుకి లీటరు దాకా ఊరే లాలాజలంలో పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైముంది. ఉత్త అన్నం నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని నిదానంగా నమలండి, కాసేపటికి తియ్యగా అవుతాయి. ఈ సంగతి మా బాబాయికి చెబితే నమ్మలేదు. పోనీ పరీక్షించి చూడమంటే కుదర్లేదు, ఆయనకి నమిలే అలవాటు లేదు. ముద్ద కలపడం, బొటనవేలితో లోపలికి తొయ్యడం, గుటక వెయ్యడం. మధ్యలో పంటికి పనే తగలదు.

"పొట్టలో పళ్లుండవు కదా బాబాయ్?"

"యాసిడ్ ఉంటుంది కదరా, అది చూసుకుంటుంది!"

ఆయన్ని అని ఏం లాభం? మన పెళ్లి భోజనాల్లో నమిలే అవకాశమెక్కడిది? మీరు కూర్చునేసరికే మీ కుర్చీ వెనక ఒకాయన నిలబడి ఉంటాడు. చెయ్యి మీ కుర్చీ మీద, చూపు మీ ఆకు మీద. మీరింకా పులిహోరలో ఉండగానే ఆయన గొంతు సవరించుకుంటాడు. పక్క కుర్చీ వెనక వాళ్లబ్బాయిని కాపలా పెట్టి ఉంటాడు. మీరు బూరెకి చిల్లు పెట్టి నేతి గిన్నె కోసం తలెత్తేసరికి, నెయ్యి రాదు, పెరుగు బకెట్టు వస్తుంది. మొత్తం తతంగం పదినిమిషాల్లో ముగుస్తుంది. పొట్ట నిండిందన్న కబురు హార్మోన్ల ద్వారా, నరాల ద్వారా మెదడుకి పూర్తిగా అందడానికేమో 20 నిమిషాల దాకా పడుతుంది. "ఇక చాలు" అన్న ఆ కబురు అందేసరికి మనం కిళ్లీ కూడా వేసుకుని, చెప్పుల కోసం వెతుక్కుంటూ ఉంటాం. ఖాళీగా ఉంటే పిడికిలంత ఉండే పొట్ట సాగితే లీటరు, లీటరున్నర పడుతుంది. పడుతుంది కదా అని ప్రతి పెళ్లిలోనూ కొలిచి చూడక్కర్లేదు.

పొట్టలో ఏం జరుగుతుందో లోకానికి తెలిసింది ఒక చిల్లు పుణ్యాన. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ పేలి పొట్టకి చిల్లు పడింది. మనిషి బతికాడు గాని చిల్లు పూడలేదు. వైద్యం చేసిన సైనిక డాక్టరు విలియం బ్యూమాంట్‌కి ఆ అవకాశం వదులుకోబుద్ధి కాలేదు. మాంసం ముక్కో, రొట్టె ముక్కో, క్యాబేజీయో పట్టుదారానికి కట్టి ఆ చిల్లులోంచి లోపలికి దించడం, కాసేపాగి పైకి లాగి ఎంత అరిగిందో చూడడం. ఏళ్ల తరబడి ఇదే పని. మార్టిన్‌కి కోపమొచ్చినప్పుడు అరుగుదల దెబ్బతింటోందని కూడా రాసుకున్నాడు. కడుపులో దారం ఆడిస్తుంటే కోపం రాక ఏమొస్తుందో ఆయనకి తట్టినట్టు లేదు. 1833లో ఇదంతా పుస్తకంగా వేశాడు. డాక్టరుగారు 1853లో పోయారు. చిల్లుపొట్టవాడు 1880 దాకా ఉన్నాడు.

కోపం గురించి ఆయన రాసింది ఉత్తమాట కాదు. జీర్ణనాళం గోడల్లోనే 10 కోట్లకు పైగా నాడీకణాలున్నాయి, వాటికీ మెదడుకీ రాకపోకలు నిత్యం సాగుతాయి. అందుకే పరీక్ష హాలు చూడగానే కడుపులో తిప్పుతుంది. మా బాబాయి మాత్రం రాత్రి భోజనం టీవీ చర్చ ముందే చేస్తాడు. స్టూడియోలో నలుగురూ ఒకేసారి అరుస్తుంటే ఈయన ఇక్కణ్నుంచి అయిదో గొంతు కలుపుతాడు. అర్ధరాత్రి లేచి "వంకాయ పడలేదురా" అంటాడు. వంకాయ ఆ చర్చలో నోరే ఎత్తలేదు.

తిండి మీద ఇలాంటి నిందలు మనకి కొత్త కాదు. కడుపులో పుండంటే చాలు, ముందు పచ్చడి జాడీని అరెస్టు చేసేవాళ్లం. ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ 1984లో హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాని గ్లాసులో కలుపుకుని తానే తాగేసి, కడుపువాపు తెచ్చుకుని మరీ దాని పని బయటపెట్టాడు. రాబిన్ వారెన్‌తో కలిసి 2005లో నోబెల్ అందుకున్నాడు. పుండ్లకి ప్రధాన ముద్దాయిలు ఆ బ్యాక్టీరియా, ఇష్టారాజ్యంగా మింగే కొన్ని రకాల నొప్పి మాత్రలు. కారం మంట పెట్టగలదు గాని అసలు దోషి కాదు. అంతమాత్రాన ఆవకాయ పూర్తిగా విడుదలైనట్టు అనుకోకండి, దానిమీద ఉప్పు కేసు పెండింగులో ఉంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మనకి పెరుగన్నంలో నంజుకోవడానికే అందులో పెద్ద వాటా పోతుంది.

ఇక పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల. కొన్ని ఇళ్లల్లో దేవుడికి దీపం పెట్టడం మర్చిపోతారు గాని దీన్ని మర్చిపోరు. అది తగ్గించేది ఆమ్లాన్ని. గ్యాసుతో దానికి సంబంధం లేదు. అవసరమున్నవాళ్లకి చక్కటి మందే, కానీ డాక్టరు ఇన్ని వారాలని రాస్తాడు, మనం ఇన్నేళ్లని చదువుకుంటాం. అడిగేవాడు లేకుండా ఏళ్ల తరబడి మింగితే బి12 విటమిను తగ్గే ప్రమాదముంది.

అన్నం అరిగి చక్కెరై రక్తంలోకి చేరాక, క్లోమం ఇన్సులిన్‌ని వదిలి ఆ చక్కెర కండరాలకీ కాలేయానికీ అందేలా చూస్తుంది. కండరం కదులుతుంటే అది తనంతట తానే చక్కెరని లాక్కుంటుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే షుగరు అంత ఎత్తుకి ఎగరదు. తిన్నాక వంద అడుగులు వేసి, ఆ తర్వాత ఎడమవైపు ఒత్తిగిలమన్నారు పెద్దలు. ఎడమవైపు పడుకుంటే ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం తగ్గుతుంది కూడా. మనం ఈ సూత్రంలో మొదటి సగం వదిలేసి, రెండో సగాన్ని వామకుక్షి పేరుతో నిష్ఠగా పాటిస్తున్నాం.

మా బాబాయిది భీమవరం. ఆ ఊళ్లోనే 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సొంత పేగుల్ని పీడించిన స్ప్రూ వ్యాధిని తట్టుకుని, హార్వర్డులో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాల్లో శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929 నాటికి ఏటీపీనీ గుర్తించారు. "కండరం గుట్టు విప్పింది మా ఊరివాడేరా" అని బాబాయి గర్వంగా చెబుతాడు. పడక్కుర్చీలోంచి లేవకుండా.

పెద్దపేగు కోరికలు ఇంకా చవక: నీళ్లు, పీచు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజువారీ పళ్లెంలో 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు ఉండాలంటుంది. బంగాళాదుంప ఆ లెక్కలోకి రాదు. ఈ మాట చెప్పినరోజు మా ఇంట్లో సంతాపం పాటించారు.

చూశారుగా, పొట్ట అడిగేవన్నీ టైముతో ముడిపడ్డవే: నమలడానికి కాస్త, నడవడానికి కాస్త, నిద్రకి కాస్త, అరగడానికి బోలెడంత. షాపులో దొరకవు కాబట్టి మనకి వాటిమీద నమ్మకం లేదు. అదే వాటిని సీసాలో పోసి "డిటాక్స్" అని లేబులేసి అమ్మితే, ఒంట్లో కిలోన్నర కాలేయం ఆ పని జీతం లేకుండా చేస్తోందని మర్చిపోయి మరీ కొంటాం.

ఒక్క విషయంలో మాత్రం టైమివ్వకండి. గుండెలమీద బరువు పెట్టినట్టుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతూ, చెమటలు పోస్తుంటే అది గ్యాసని మా బాబాయి చెప్పినా, మీ బాబాయి చెప్పినా వినకండి. సోడా కోసం పిల్లాణ్ని పంపకండి. 108కి ఫోన్ చెయ్యండి. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి అది గ్యాసేనని తేలిస్తే, హాయిగా ఇంటికొచ్చి బాబాయి చేత నాలుగు తిట్లు తినండి. అవి నమలక్కర్లేకుండానే అరుగుతాయి.